కొన్నది ఎక్కడో కాదు... ఎందుకో రాయండి!

ఆన్‌లైన్ షాపింగ్ ఖర్చులను స్ప్రెడ్‌షీట్‌లో వర్గాలుగా విడదీసి రాయడం రోజుకు రెండు నిమిషాల పని. కానీ నెలాఖరు ఇబ్బందికీ, బ్యాంకు కొలువుకూ, మొదటి ఇంటర్వ్యూకూ ఆ రెండు నిమిషాలే అక్కరకొస్తాయి.

వేములవాడ రాజన్న గుడిలో హుండీ లెక్కింపు ఎప్పుడైనా చూశారా? హుండీలు విప్పి ఒకచోట పోస్తే అన్నీ కలగలిసి ఉంటాయి. అక్కడ కూర్చున్నవాళ్లు చేసే మొదటి పని కూడటం కాదు, ఏరటం. నోట్లు ఒక పక్కకు, చిల్లర ఒక పక్కకు, బంగారం వేరే, వెండి వేరే. కూడిక ఆ తర్వాతే. అందుకే మర్నాడు పేపర్లో ‘నగదు ఇంత, మిశ్రమ బంగారం ఇన్ని గ్రాములు, మిశ్రమ వెండి ఇన్ని కిలోలు’ అని విడివిడిగా వస్తుంది. అన్నీ కలిపి ‘మొత్తం ఇంత బరువు వచ్చింది’ అని రాస్తే ఎవరికైనా ఏమైనా అర్థమవుతుందా?

ఇప్పుడు మీ ఫోన్ తీసి గత నెల యూపీఐ చెల్లింపులు చూడండి. అమెజాన్ 1,660. మీషో 349. ఫ్లిప్‌కార్ట్ 799. మళ్లీ అమెజాన్ 212. ఏ రోజు ఎంత కట్టారో రూపాయితో సహా ఉంది. దేనికి కట్టారన్నది మాత్రం లేదు. మనలో చాలామంది బడ్జెట్ షీట్ మొదలుపెట్టి రెండో నెలకే వదిలేయడానికి కారణం ఇదే. ‘ఆన్‌లైన్ షాపింగ్’ అని ఒక గడి పెడతాం, అన్నీ అందులో పోస్తాం. నెలాఖరున 4,000 అని కనిపిస్తుంది. ‘అయ్యో, గింతనా!’ అనుకుంటాం. షీట్ మూసేస్తాం.

ఏరకుండా కూడితే వచ్చేది భయమే. ఏరి కూడితే సమాచారం వస్తుంది. అదెలాగో చూద్దాం.

దుకాణం పేరు వర్గం కాదు

మొదటి సూత్రం ఇదే. అమెజాన్, ఫ్లిప్‌కార్ట్, మీషో అన్నవి సంతల్లాంటివి. సంతకు పోయి వచ్చాక ‘సంత 500’ అని ఎవరూ లెక్క చెప్పరు. కూరగాయలకింత, ఉప్పూ పప్పులకింత అనే చెబుతారు. ఆన్‌లైన్ కొనుగోలుకూ అదే వర్తిస్తుంది. పుస్తకం కరీంనగర్ దుకాణంలో కొన్నా, యాప్‌లో కొన్నా అది ‘చదువు’ ఖర్చే. దుకాణం పేరు కావాలంటే దానికి వేరే నిలువు వరుస పెట్టుకోండి. వర్గం మాత్రం ‘ఎందుకు కొన్నాను’ అన్న ప్రశ్నకు జవాబుగా ఉండాలి.

ఉద్యోగ వేటలో ఉన్నవారికి ఈ ఎనిమిది సరిపోతాయి:

1. చదువు–పరీక్షలు: పుస్తకాలు, టెస్ట్ సిరీస్‌లు, దరఖాస్తు ఫీజులు.
2. ఉద్యోగ ప్రయత్నం: ఇంటర్వ్యూ చొక్కా, బూట్లు, ఫొటోలు, హైదరాబాద్ ప్రయాణం.
3. సొంత అవసరాలు: సబ్బు, షాంపూ, మందులు, రోజువారీ బట్టలు.
4. గది–తిండి: బకెట్, బల్బు, ఆర్డర్ పెట్టుకున్న భోజనం.
5. ఫోన్–నెట్: రీచార్జి, చార్జర్, కేబుల్.
6. ఇంటికి: చెల్లె డ్రెస్సు, బాపు బీపీ మిషన్, పండుగ సామాన్లు.
7. సరదా: ఓటీటీ, గేములు, మనసుపడి కొన్నవి.
8. డెలివరీ–ఫీజులు: డెలివరీ, ప్లాట్‌ఫామ్ చార్జీలు, క్యాష్ ఆన్ డెలివరీకి అదనంగా తీసుకునేవి.

ఇరవై వర్గాలు పెట్టొద్దు. ప్రతిసారీ ఆలోచించాల్సి వస్తే రాయడమే మానేస్తారు. ‘ఇతరాలు’ అన్న వర్గాన్ని అసలు పెట్టకపోతే ఇంకా మంచిది. బద్ధకం వచ్చిన రోజున అన్నీ అందులోనే పడతాయి.

ఇక అసలు తంటా: ఒకే వస్తువు రెండు వర్గాల్లోకీ వచ్చేలా ఉంటే? ఇయర్‌ఫోన్లనే తీసుకోండి. క్లాసులు వినడానికా, పాటలు వినడానికా? ఇక్కడ నిజాయతీగా ఒక ప్రశ్న వేసుకోండి. ‘ఉద్యోగానికి చదవకపోయినా దీన్ని కొనేవాడినా?’ అవును అనిపిస్తే అది సరదా. కాదనిపిస్తే చదువు. ఒకసారి తేల్చుకున్నాక మార్చొద్దు. ఈ నెల చదువులో, వచ్చే నెల సరదాలో రాస్తే రెండు నెలలను పోల్చి చూడలేరు. వర్గీకరణలో కచ్చితత్వం కంటే నిలకడ ముఖ్యం.

ఒక ఆర్డర్... ఐదు వరుసలు

ఒకే ఆర్డర్‌లో నాలుగు రకాలు కొన్నారనుకుందాం. రీజనింగ్ పుస్తకం 420, ఇంటర్వ్యూకు చొక్కా 700, ఫేస్‌వాష్ 180, ఇయర్‌ఫోన్లు 500. మొత్తం 1,800 రూపాయలు. కూపన్‌తో 180 తగ్గింది. డెలివరీ, ఇతర ఫీజులు కలిపి 40 పడింది. మీ ఖాతా నుంచి పోయింది 1,660.

దీన్ని ఒకే వరుసలో రాస్తే నాలుగు వర్గాల లెక్కా పాడవుతుంది. కాబట్టి విడదీయాలి. కూపన్ తగ్గింపును వస్తువుల ధరల దామాషాలో పంచండి. 1,800కు 180 అంటే పది శాతం. ఒక్కో వస్తువుకూ పది శాతం తగ్గించండి:

- పుస్తకం 378 – చదువు–పరీక్షలు
- చొక్కా 630 – ఉద్యోగ ప్రయత్నం
- ఫేస్‌వాష్ 162 – సొంత అవసరాలు
- ఇయర్‌ఫోన్లు 450 – సరదా
- డెలివరీ, ఫీజులు 40 – డెలివరీ–ఫీజులు

కూడి చూడండి, 1,660 వస్తుంది. ఖాతాలోంచి పోయిన మొత్తంతో సరిపోయింది. ఐదు వరుసలకూ ఒకే ఆర్డర్ నంబర్ రాస్తే రేపు ఏదైనా వెనక్కి పంపినప్పుడు వెతుక్కునే పని ఉండదు. వస్తువుల వారీ ధరల కోసం బ్యాంకు మెసేజ్‌ను కాదు, యాప్‌లోని ‘మై ఆర్డర్స్’ను, ఇన్‌వాయిస్‌ను చూడండి.

డెలివరీ ఫీజులకు వేరే వర్గం ఎందుకంటారా? 40 రూపాయలు అప్పటికి చిన్నగానే కనిపిస్తాయి. నెలలో ఏడెనిమిది ఆర్డర్లు పెడితే దాదాపు 300. ఏడాదికి 3,600. ఐబీపీఎస్ పీవో పరీక్షకు జనరల్ అభ్యర్థి కట్టే దరఖాస్తు ఫీజు 850. అంటే ఆ పైసలతో నాలుగు దరఖాస్తులు పెట్టుకోవచ్చు. ఈ సంగతి తెలిశాక మీరే ఆర్డర్లను కలిపి పెడతారు. లేదా ‘చార్జర్ కేబులే కదా, మన బజార్లోనే చూద్దాం’ అనుకుంటారు. షీట్‌లో ‘వేములవాడలో ధర’ అని ఒక నిలువు వరుస పెట్టి చూడండి. ఫీజులతో కలిపితే ఆన్‌లైన్ ప్రతిసారీ చౌకేమీ కాదని కొన్నిసార్లు బయటపడుతుంది. కొన్నిసార్లు నిజంగానే చౌక అని తేలుతుంది. రెండూ తెలియడం లాభమే.

వెనక్కి వచ్చిన డబ్బు జీతం కాదు

చొక్కా బిగుతైంది, వెనక్కి పంపారు. వారానికి 630 రూపాయలు ఖాతాలో పడ్డాయి. చాలామంది దీన్ని ‘ఆదాయం’ కింద రాస్తారు. అది పొరపాటు. అలా రాస్తే మీరు 630 సంపాదించినట్టూ కనిపిస్తుంది, చొక్కాకు 630 ఖర్చు పెట్టినట్టూ కనిపిస్తుంది. నిజానికి రెండూ జరగలేదు. రిఫండ్‌ను అదే వర్గంలో, మైనస్ గుర్తుతో రాయండి. డబ్బు వచ్చేదాకా ‘రావాల్సినవి’ అన్న నిలువు వరుసలో గుర్తు పెట్టుకోండి. ఎన్నో రిఫండ్లు రాకపోయినా మనకు గుర్తుండదు. నెలాఖరున ఆ వరుస చూస్తే ఎవరిని అడగాలో తెలుస్తుంది. అడిగినా పలకకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు.

ఇదే సూత్రం మీ దరఖాస్తులకూ పనికొస్తుంది. రైల్వే ఎన్‌టీపీసీకి జనరల్ అభ్యర్థి 500 కడతారు. మొదటి దశ కంప్యూటర్ పరీక్షకు హాజరైతే బ్యాంకు చార్జీలు పోను 400 తిరిగి వస్తుంది. ఎస్సీ, ఎస్టీ, మహిళా అభ్యర్థులు తదితరులకు ఫీజు 250. హాజరైతే అదంతా, చార్జీలు పోను, తిరిగి వస్తుంది. కట్టినరోజు 500 ‘చదువు–పరీక్షలు’లో రాయండి. ‘రావాల్సినవి’లో 400 పెట్టండి. దరఖాస్తులో ఇచ్చిన ఖాతా నంబర్ తప్పుపడినా, ఆ ఖాతా మూతపడినా నెలల తర్వాత ఆ వరుసే మీకు గుర్తు చేస్తుంది.

మరో చిన్న చిక్కు. ‘ఫ్రీ డెలివరీ రావాలంటే ఇంకో 200 కావాలిరా, నీదేమైనా ఉంటే కలుపు’ అంటాడు రూమ్మేట్. అతని సామాను మీ ఆర్డర్‌లో వచ్చింది. అది మీ ఖర్చు కాదు. అతని పేరుతో ‘రావాల్సినవి’లో రాయండి. ఇస్తే కొట్టేయండి. అడగడానికి మొహమాటపడే మొత్తాలు నెలకు ఎన్ని అవుతున్నాయో అప్పుడు తెలుస్తుంది.

అలాగే బ్యాంకు నుంచి వాలెట్‌లోకి 500 వేసుకోవడం ఖర్చు కాదు, ఈ జేబులోంచి ఆ జేబులోకి మార్చడమే. ఆ వాలెట్‌తో ఏమైనా కొన్నప్పుడే ఖర్చు.

‘తర్వాత కట్టు’... ఇక్కడ జాగ్రత్త!

యాప్‌లో చెల్లింపు దగ్గర ‘పే లేటర్’ అని కనిపిస్తుంది. పైసా కట్టకుండానే సామాను ఇంటికొస్తుంది. బడ్జెట్ షీట్‌లో దీన్ని ఎప్పుడు రాయాలి? కొన్నరోజే రాయాలి, వచ్చే నెల కట్టినరోజు కాదు. కొన్నరోజున వస్తువు వర్గంలో పూర్తి ధర రాయండి. పక్కన ‘అప్పులు’ అని మరో చిన్న షీట్ పెట్టి అందులో బాకీ, గడువు తేదీ వేయండి. కట్టినరోజు అక్కడ బాకీ తగ్గించండి తప్ప మళ్లీ ఖర్చుగా రాయొద్దు. రాస్తే ఒకే వస్తువును రెండుసార్లు కొన్నట్టవుతుంది. ఈఎంఐకీ ఇదే పద్ధతి. 12,000 ఫోన్‌ను ఆరు వాయిదాల్లో కొంటే ఆ నెల షీట్‌లో 12,000 కనిపించాలి. కనిపిస్తే గుండె ఝల్లుమంటుంది. అనాలి కూడా. ‘నెలకు రెండు వేలే కదా’ అన్న మాట వెనక దాగి ఉండేది ఆ అంకెనే. వడ్డీ, ఆలస్య రుసుము పడితే మాత్రం వాటికి ‘వడ్డీ–జరిమానా’ అని తొమ్మిదో వర్గం తెరవండి. ఆ వర్గం ఏడాదంతా ఖాళీగా ఉండటమే మీ లక్ష్యం.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణముంది. చిన్న అప్పే కదా, ఎవరికి తెలుస్తుంది అనుకోవద్దు. డిజిటల్ రుణాలపై రిజర్వ్ బ్యాంక్ నిబంధనల ప్రకారం, యాప్‌ల ద్వారా ఇచ్చే రుణం ఎంత తక్కువ గడువుదైనా ఆ వివరాలు క్రెడిట్ సమాచార సంస్థలకు చేరాలి. ఆ సంస్థలు 300 నుంచి 900 మధ్య మీకో స్కోరు వేస్తాయి. మీరు మరిచిపోయిన 600 రూపాయల బాకీ అక్కడ మరుపున పడదు.

బ్యాంకు ఉద్యోగాలకు చదువుతున్నవారు నోటిఫికేషన్‌ను చివరిదాకా చదవండి. చేరే సమయానికి అభ్యర్థికి మంచి క్రెడిట్ చరిత్ర ఉండాలని ఐబీపీఎస్ షరతు పెడుతోంది. రుణాలు, క్రెడిట్ కార్డు బకాయిలు కట్టకుండా ఎగవేసిన రికార్డు ఉన్నవారు నియామకానికి అనర్హులని ఎస్‌బీఐ నోటిఫికేషన్లలో ఉంటోంది. ఇవి కాగితం మీది మాటలు కావు. నియామక ఉత్తర్వు అందుకున్న అభ్యర్థి ఉద్యోగాన్ని క్రెడిట్ రిపోర్టు ఆధారంగా ఎస్‌బీఐ రద్దు చేసింది. నోటిఫికేషన్ వచ్చేలోగా బాకీలు తీర్చేశానన్న ఆయన వాదన నిలవలేదు. 2025 జూన్‌లో మద్రాస్ హైకోర్టు బ్యాంకు నిర్ణయాన్నే సమర్థించింది. ప్రిలిమ్స్, మెయిన్స్, ఇంటర్వ్యూ దాటి వచ్చాక అడ్డం పడేది ఎప్పుడో కొన్న బూట్ల తాలూకు వాయిదా అయితే ఎంత బాధ!

ఇప్పటికే పే లేటర్ వాడి ఉంటే కంగారు పడొద్దు. ఒక్కో క్రెడిట్ సమాచార సంస్థ నుంచి ఏడాదికోసారి పూర్తి రిపోర్టు ఉచితంగా తీసుకోవచ్చు. ఈ వారమే తీసి చూడండి. బాకీ ఉంటే కట్టేయండి. మీది కానిది కనిపిస్తే ఆ సంస్థకు ఫిర్యాదు చేయండి. నోటిఫికేషన్ పడ్డాక కాదు, ఇప్పుడే.

షీట్ ఇలా గీయండి

గూగుల్ షీట్స్ ఫోన్‌లో ఉచితం. మొదటి షీట్‌లో ఎనిమిది నిలువు వరుసలు చాలు: తేదీ, నెల, ఆర్డర్ నంబర్, వస్తువు, దుకాణం, వర్గం, మొత్తం, రావాల్సినవి.

వర్గం నిలువు వరుసలో చేత్తో టైప్ చేయొద్దు. ‘చదువు’ అని ఒకసారి, ‘చదువులు’ అని ఇంకోసారి, చివర ఖాళీ వదిలి మరోసారి రాస్తే మనకు ఒకటే అనిపిస్తుంది. కంప్యూటర్‌కు అవి మూడు వేర్వేరు వర్గాలు. ‘డేటా వాలిడేషన్’లోకి వెళ్లి డ్రాప్‌డౌన్ జాబితా పెట్టండి. వేలితో ఎంచుకుంటే సరి.

రెండో షీట్‌లో అడ్డంగా నెలలు, నిలువుగా వర్గాలు. గడుల్లో ‘సమ్‌ఇఫ్స్’ ఫార్ములా. దానికి చెప్పాల్సింది ఇదే: ఏ నిలువు వరుసలోని మొత్తాలను కూడాలి, వర్గం ఏదై ఉండాలి, నెల ఏదై ఉండాలి. ఒకసారి రాసి పక్క గడులకు లాగేయండి. మైనస్‌లో రాసిన రిఫండ్లు వాటంతటవే తగ్గిపోతాయి. ఇది కుదిరాక కాలేజీ ల్యాబ్‌లో కంప్యూటర్ దొరికినరోజు ఇదే డేటాతో పివట్ టేబుల్ చేసి చూడండి. రెండు పద్ధతుల్లోనూ ఒకే అంకె రావాలి. రాకపోతే ఎక్కడో తప్పుంది. ఆ తప్పు వెతకడమే అసలైన నేర్పు.

ఇందులో కెరియర్ సంగతేముంది అంటారా? స్ప్రెడ్‌షీట్ పుట్టిందే ఒక విద్యార్థి బుర్రలో. హార్వర్డ్ బిజినెస్ స్కూల్లో చదువుతున్నప్పుడు డాన్ బ్రిక్లిన్‌కు ఒక ఆలోచన వచ్చింది. బోర్డు మీద ఒక అంకె మారితే మిగతావన్నీ చెరిపి మళ్లీ రాయాల్సిన పని లేకుండా చేస్తే ఎలా ఉంటుందని. మిత్రుడు బాబ్ ఫ్రాంక్‌స్టన్‌తో కలిసి చేసిన ఆ ప్రోగ్రామే 1979లో వచ్చిన విజికాల్క్. ఈనాటి ఎక్సెల్ ఆ దారిలో వచ్చిందే.

ఇప్పుడు అకౌంట్స్ అసిస్టెంట్, ఎంఐఎస్ ఎగ్జిక్యూటివ్, డేటా అనలిస్ట్ కొలువుల్లో రోజూ చేసే పనేమిటి? కలగలిసి వచ్చిన లావాదేవీలను శుభ్రం చేయడం, వర్గాలుగా ఏరడం, రిఫండ్లను సరిపెట్టడం, రెండుచోట్ల మొత్తాలు కలుస్తున్నాయో లేదో చూడటం. మీరు మీ షీట్‌లో చేసేదీ అదే! ‘ఎక్సెల్ వచ్చా?’ అని ఇంటర్వ్యూలో అడిగితే అందరూ ‘వచ్చు సార్’ అంటారు. మీరు మాత్రం ‘ఆరు నెలల నా ఖర్చుల డేటా నేనే సేకరించాను. ఒక ఆర్డర్‌లో పలు వర్గాలుంటే తగ్గింపును దామాషాలో పంచాను. ఫీజులు నెలకు 300 అవుతున్నట్టు గమనించి తగ్గించాను’ అని చెప్పండి. తేడా ఎదుటివారికే తెలుస్తుంది. చూపించాల్సి వస్తే ఆర్డర్ నంబర్లు, మిత్రుల పేర్లు, సొంత వివరాలు తీసేసిన కాపీనే చూపించండి.

నెలాఖరున మూడు ప్రశ్నలు

షీట్ నింపడం సగం పని. చదవడం మిగతా సగం. ఒక నెల మొత్తం 4,000 అనుకోండి. ఏరి చూస్తే చదువు 900, ఉద్యోగ ప్రయత్నం 600, సొంత అవసరాలు 500, ఫోన్–నెట్ 350, ఇంటికి 400, సరదా 950, ఫీజులు 300. అప్పుడు అడగండి. ఒకటి, వచ్చే నెల తప్పకుండా మళ్లీ వచ్చేవి ఏవి? రెండు, ఏది కొన్నాక వారం దాటేసరికి వాడటం మానేశాను? మూడు, దసరా, దీపావళి సేల్స్ నెలలో ఏ వర్గం ఉబ్బింది?

సరదా 950 అని కనిపించినంత మాత్రాన తప్పు చేసినట్టు కుంగిపోనక్కర్లేదు. సరదాకూ ఒక గడి ఉండాలి. లేకపోతే అది చదువు పేరుతో వచ్చి పక్క గడిలో కూర్చుంటుంది. మనల్ని మనం మోసం చేసుకోనంత వరకు ఏ వర్గమూ తప్పు కాదు.

మన ప్రాంతంలో ఈ పైసలు ఎక్కడి నుంచి వస్తాయో మీకు చెప్పాల్సిన పనిలేదు. కొందరి ఇళ్లకు దుబాయి నుంచి, మస్కట్ నుంచి వస్తాయి. కొందరికి సిరిసిల్ల సాంచాల మీద రాత్రి పాళీ చేసిన బాపు ఇస్తాడు. కొందరికి బీడీలు చుట్టే అమ్మ ఇస్తుంది. వెయ్యి బీడీలకు ఇంత అన్న లెక్క ఆమెకు నోటికి వచ్చు. ఎన్ని ఇచ్చింది, ఎన్ని తీసేశారు అన్నది బుక్కులో చూసుకుంటుంది. పెద్ద చదువు చదవకపోయినా ఆమె షీట్ ఆమెకుంది. పట్నంలో డిగ్రీ చదివే మన దగ్గర లేకపోతే ఎట్లా?

‘బిడ్డా, పోయిన నెల పంపిన పైసలు ఏంజేసినవ్?’ అని ఇంట్లో అడిగితే చాలామందికి కోపం వస్తుంది. కోపం ఎందుకంటే జవాబు తెలియదు కాబట్టి. షీట్ ఉంటే జవాబుంటుంది. ‘పరీక్ష ఫీజులకు గింత, పుస్తకాలకు గింత, చొక్కా వాపస్ పంపిన, నాలుగు వందలు రైల్వే నుంచి రావాలె’ అని తడుముకోకుండా చెప్పొచ్చు. వచ్చే నెల ఎంత కావాలో కూడా ముందే చెప్పొచ్చు. అట్లా చెప్పే పిల్లల చేతికి పైసలిచ్చేటప్పుడు ఇంట్లోవాళ్లకూ నిమ్మళంగా ఉంటుంది.

ఈ రాత్రి పడుకునే ముందు ఒక్క పని చేయండి. మీ చివరి ఆర్డర్ తెరవండి. దాన్ని ఒక్క వరుసలో కాదు, ఎన్ని వస్తువులుంటే అన్ని వరుసల్లో రాయండి. ప్రతిదాని పక్కన ‘ఎందుకు’ అన్నది ఒక్క మాటలో పెట్టండి. ముందు ఏరండి, ఆ తర్వాత కూడండి.